పాత ఫైబర్ మోటారు బోటు: ఫిట్టింగుల చిన్న రిపేర్లు వరసగా చేసుకునే పద్ధతి

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు వేట నిషేధం. జువ్వలదిన్నె, కృష్ణపట్నం, మైపాడు, కొత్తపట్నం, ఎక్కడ చూసినా బోట్లు ఒడ్డున కనిపించేది ఈ రోజుల్లోనే. ప్రశ్నలు వచ్చేది కూడా అప్పుడే. మోకు కట్టే క్లీట్ ఊగుతోంది, డెక్ (బోటు పైభాగం) మీద తెరిచే హ్యాచ్ మూత కింద కారుతోంది, లైట్లు వెలిగి ఆరిపోతున్నాయి, ఏ గమ్ము పెట్టాలి అని అడుగుతారు.

గమ్ము సంగతి తర్వాత చెప్తాను. బోటు మీద బిగించిన ప్రతి సామాను వెనకా ఒక రంధ్రం ఉంటుంది. పాత బోటులో చెడిపోయేది ఎక్కువగా ఆ రంధ్రమే. దాన్ని ఎండబెట్టకుండా, బాగు చెయ్యకుండా పైన ఎంత ఖరీదైన సీలెంట్ పూసినా వచ్చే ఏడాది అదే పని మళ్లీ చెయ్యాల్సి వస్తుంది. ఈ మార్గదర్శి అంతా ఆ రంధ్రం చుట్టూనే తిరుగుతుంది.

ఇన్‌బోర్డ్ డీజిల్ ఇంజన్, చిన్న క్యాబిన్ ఉన్న 25, 35 అడుగుల ఫైబర్ బోటును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. బోటు అడుగున వెన్ను పగిలినా, ఇంజన్ దిమ్మలు కదిలినా అది చిన్న రిపేరు కాదు. అది బోటు కట్టే మేస్త్రీ చూడాల్సిన పని.

1. ముందు కడగాలి, ఆరబెట్టాలి, రాసుకోవాలి

ఉప్పు ఉన్నంతకాలం తేమ పోదు. గాలిలోని తడిని ఉప్పు లాగుతూనే ఉంటుంది. అందుకే మొదటి పని బోటు లోపలా బయటా మంచినీళ్లతో కడగడం. తీరం దగ్గర బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. మొదటి రెండు కడుగులకు అవి వాడినా, చివరి కడుగు మాత్రం తాగేనీళ్ల ట్యాంకర్ నుంచి పట్టండి. ఖర్చయినా ఫరవాలేదు.

కడిగాక హ్యాచ్ మూతలు, అడుగు పలకలు తీసేసి కనీసం నాలుగైదు రోజులు గాలి ఆడనివ్వండి. టార్పాలిన్ కప్పితే బోటుకు ఆనకుండా, కర్రల మీద ఎత్తుగా కట్టండి. బోటుకు అంటుకున్న టార్పాలిన్ కింద తెల్లారేసరికి చెమ్మ పడుతుంది.

ఆరే లోపు నోటు పుస్తకం పట్టుకుని ముందు నుంచి వెనక్కి నడవండి. ప్రతి ఫిట్టింగును చేత్తో పట్టి ఊపి చూడండి. ఊగిన ప్రతిదాని పక్కన మాస్కింగ్ టేపు ముక్క అంటించి నంబరు రాయండి, ఫోన్‌లో ఫోటో తీయండి. తర్వాత క్యాబిన్ లోపలికి వెళ్లి ఆ ఫిట్టింగు కింది వైపు చూడండి. తుప్పు చార, పొంగిన పెయింటు, నల్లటి మరక, ఏది కనిపించినా అదే నంబరు కింద రాసుకోండి.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. నీటి చుక్క పడే చోటు ఒకటి, నీళ్లు దిగే చోటు ఇంకొకటి. డెక్ రెండు ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉంటే, ముందు క్లీట్ దగ్గర దిగిన నీళ్లు మీటరు అవతల క్యాబిన్ కిటికీ మీద కారొచ్చు. కిటికీకి సీలెంట్ పెట్టి లాభం లేదు.

రాసుకున్న జాబితాను ఈ వరసలో విడగొట్టండి:

- నీటి గీత (బోటు నీళ్లలో మునిగే మట్టం) కింద ఉన్నవి. బోటు ఒడ్డున ఉండగానే అవ్వాలి.
- డెక్ మీంచి నీళ్లు దింపేవి.
- కరెంటు, పంపు.
- మిగతా బిజాగరీలు, గడియలు, పిడులు.

చాలామంది కంటికి ఎదురుగా ఉన్న గడియలతో మొదలుపెడతారు. నిషేధం చివరి వారంలో వాల్వు గుర్తొస్తుంది. అప్పుడు చేసే పని హడావుడి పని.

పానా పట్టే ముందు రెండు జాగ్రత్తలు. బ్యాటరీ తీగల్లో ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పండి. వంట గ్యాస్ సిలిండర్ ఉంటే ఒడ్డుకు దించండి. గ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి లీకైతే బోటు అడుగున నిలుస్తుంది. గ్రైండర్ నిప్పురవ్వ ఒక్కటి చాలు.

2. సామాను కొనేటప్పుడు

నెల్లూరు, కావలి, ఒంగోలు హార్డ్‌వేర్ షాపుల్లో స్టెయిన్‌లెస్ బోల్టు అని అడిగితే ఇచ్చేది చాలాసార్లు 202 గ్రేడు, లేదంటే 304. ఇంటి గేటుకు అవి సరిపోతాయి. ఉప్పునీళ్లకు 316 కావాలి. అందులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పు తినకుండా కాపాడేది అదే. అయస్కాంతం పెట్టి చూస్తే 304కీ 316కీ తేడా తెలియదు. బోల్టు తల మీద ఎ4 అనే గుర్తు ఉందేమో చూడండి, అది 316 రకం. ఎ2 ఉంటే 304 రకం. ఇక్కడ దొరక్కపోతే చెన్నై కాశిమేడు వైపు వెళ్లేవాళ్లతో ఒకేసారి తెప్పించుకోవడం మేలు.

సీలెంట్ విషయంలో నా మాట సూటిగా చెప్తాను. బాత్‌రూమ్ సిలికాన్‌ను బోటు డెక్ దరిదాపులకు రానివ్వకండి. అది పూసిన చోట తర్వాత పెయింటు అంటదు, రెజిన్ అంటదు, వేరే సీలెంట్ కూడా అంటదు. గీకినా దాని జిడ్డు ఫైబర్‌లో ఉండిపోతుంది.

- నీటి గీత కింద: బోట్లకు పనికొచ్చే పాలియురేథేన్ సీలెంట్. సికాఫ్లెక్స్ 291 లాంటిది.
- డెక్ మీద, మళ్లీ విప్పాల్సి వచ్చేవాటికి: బ్యూటైల్ టేపు, లేదా పాలీసల్ఫైడ్.
- ప్లాస్టిక్ ఫిట్టింగులు, అక్రిలిక్ కిటికీలు: పాలీసల్ఫైడ్ వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లను తినేస్తుంది.

ట్యూబు మీద గడువు తేదీ చూడండి. ఎండలో షాపు ముందు వేలాడదీసిన ట్యూబు గడువు లోపలే ఉన్నా బిగుసుకుపోయి ఉండొచ్చు. నొక్కితే మెత్తగా ఉండాలి.

ఎంసీల్ (రెండు ముద్దలు కలిపి పూసే పుట్టీ) గురించి చాలామంది అడుగుతారు. నడి సముద్రంలో ఇల్లు చేరేదాకా ఆపడానికి డబ్బాలో ఒకటి ఉండాల్సిందే. ఒడ్డున చేసే రిపేరుకు మాత్రం అది సమాధానం కాదు. గట్టిపడ్డాక సాగదు, బోటు కదిలినప్పుడు అంచు దగ్గర విడిపోతుంది.

3. నీటి గీత కింద: వాల్వు, గొట్టం, జింక్, గ్లాండు

ఇంజన్ చల్లబడటానికి సముద్రపు నీళ్లు లోపలికి తెచ్చే వాల్వుతో మొదలుపెట్టండి. పాత బోట్లలో ఇంటి పైపులకు వేసే ఇత్తడి గేట్ వాల్వే బిగించి ఉంటారు. ఇత్తడిలో జింక్ ఉంటుంది. ఉప్పునీళ్లలో ఏళ్ల తరబడి ఉంటే ఆ జింక్ కరిగిపోయి, గుల్లబారిన రాగి మిగులుతుంది. పైకి వాల్వు ఆకారం అలాగే ఉంటుంది, పట్టు ఉండదు.

చూడటం తేలిక. చాకు మొనతో పైన పట్టిన పచ్చటి చిలుము తీసి, లోహాన్ని గీకండి. పసుపుగా మెరిస్తే ఇంకా ప్రాణం ఉంది. గులాబీ రంగులో, మట్టిలా మొద్దుగా కనిపిస్తే ఆ వాల్వు మార్చాల్సిందే, వాదన లేదు. చిన్న సుత్తితో మెల్లగా తట్టినా తెలుస్తుంది. మంచి లోహం ఖంగుమంటుంది, చెడింది బొదబొదమంటుంది. కొత్తది కంచుతో చేసిన సీకాక్, అంటే బోట్ల కోసమే చేసే వాల్వు, అయి ఉండాలి.

వాల్వు బాగుంటే తెరిచి మూసి చూడండి. బిగిసిపోతే పిడికి పొడుగు పైపు తొడిగి తిప్పకండి, పిడి విరుగుతుంది. తుప్పు వదిలించే నూనె పోసి ఒక రోజు ఆగి, అటూ ఇటూ కొద్దికొద్దిగా కదపండి.

గొట్టాన్ని వంచి చూడండి. పగుళ్లు కనిపించినా, నొక్కితే మెత్తగా లొట్టపోయినా మార్చండి. హోస్ క్లిప్పుల బెల్టు మెరుస్తూ ఉన్నా, మర ఉండే డొక్కు లోపల తుప్పు తినేసి ఉంటుంది. వాల్వు నోరు పొడవుగా ఉంటే రెండు క్లిప్పులు వేసి, మరలు ఎదురెదురు దిక్కులకు ఉండేలా బిగించండి. ప్రతి వాల్వు పక్కన దాని నోటికి సరిపడే మెత్తని కర్ర బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచండి. గొట్టం ఊడిన రోజు వెతుక్కునే టైమ్ ఉండదు.

షాఫ్ట్ మీదా చుక్కాని మీదా ఉండే జింక్ దిమ్మలు మిగతా లోహాన్ని కాపాడటానికి తామే అరిగిపోతాయి, సగం అరిగితే మార్చేయండి. వాటి కింద లోహం మెరిసేలా రుద్దాకే బిగించాలి. జింక్ మీద పెయింటు వెయ్యకూడదు. అందంగా ఉంటుందని బోటుతో పాటు దానికీ రంగు వేస్తే అది పని చెయ్యడం మానేస్తుంది, ఆ వంతు ప్రొపెల్లర్ మీద పడుతుంది.

షాఫ్ట్ బయటికి వెళ్లే చోట నీళ్లు లోపలికి రాకుండా ఆపే గ్లాండు ఉంటుంది. లోపలి ప్యాకింగ్ తాడు గట్టిపడి ఉంటే ఇప్పుడే మార్చండి:

- పాత తాడు చుట్లన్నీ కొక్కెంతో బయటికి లాగాలి. ఒక్కటి కూడా లోపల మిగలకూడదు.
- అదే మందం తాడును షాఫ్ట్ చుట్టూ చుట్టి, కొసలు ఏటవాలుగా కోసి విడివిడి రింగులు చేయాలి. ఒకే పొడుగు తాడును స్ప్రింగులా చుట్టకూడదు.
- ఒక రింగు అతుకు మీద ఇంకో రింగు అతుకు రాకుండా తిప్పి పెట్టాలి.
- నట్టు చేత్తో బిగించి వదలాలి. అసలు సర్దుబాటు బోటు నీళ్లలో దిగాకే.

4. ఊగే క్లీట్: విప్పి మళ్లీ బిగించడం

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే పని ఇదే, ఎక్కువగా చెడగొట్టే పని కూడా ఇదే. క్లీట్, రెయిలింగ్ కాలు, లంగరు తాడు గైడు, దేనికైనా పద్ధతి ఒకటే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

విప్పడానికి ఇద్దరు కావాలి. పైన ఒకరు బోల్టు తల తిరగకుండా పట్టుకోవాలి, కింద ఒకరు నట్టు తిప్పాలి. క్లీట్ లేచాక సీలెంట్‌ను ప్లాస్టిక్ గరిటెతో గీకి, ఎసిటోన్ తడిపిన గుడ్డతో రంధ్రం చుట్టూ తుడవండి. గుడ్డ మురికి కాగానే మార్చండి.

ఇప్పుడు రంధ్రంలోకి చూడండి. సన్నని మేకు మొన వంచి, లోపల రెండు ఫైబర్ పొరల మధ్య ఉన్న చెక్కను గీకి బయటికి లాగండి. పొడిగా, లేత రంగులో పొట్టు వస్తే అదృష్టం. నల్లగా, వేళ్ల మధ్య నలిపితే ముద్దయ్యే పిప్పి వస్తే చెక్క కుళ్లింది. మధ్యరకం కూడా ఉంటుంది. రంగు మారింది, తడిగా ఉంది, కానీ గట్టిగానే ఉంది. దాన్ని ఎండబెట్టి కాపాడుకోవచ్చు.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి సాయంత్రం రంధ్రం మీద పల్చటి పాలిథిన్ ముక్క పెట్టి నాలుగు వైపులా టేపు వేయండి. పొద్దున్నే దాని లోపలి వైపు నీటి ముత్యాలు కనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టే. టేపు తీసి, రంధ్రం తెరిచి, మరికొన్ని రోజులు ఎండనివ్వండి. ఇక్కడ తొందరపడితే తర్వాత చేసేదంతా వృథా.

ఎండాక:

1. వంచిన మేకును డ్రిల్‌కు పట్టించి, రంధ్రం చుట్టూ పొరల మధ్య ఉన్న చెక్కను ఒక సెంటీమీటరు మేర తీసేయండి. పైపొర, కిందిపొర తగలకూడదు.
2. కింద నుంచి టేపు వేసి రంధ్రం మూయండి.
3. మొదట పలుచని ఎపాక్సీ పోసి చెక్క అంచు పీల్చుకోనివ్వండి. తర్వాత పొడి కలిపి చిక్కబరచిన ఎపాక్సీ అంచుదాకా నింపండి.
4. మరునాడు గట్టిపడిన ఎపాక్సీ మధ్యలో బోల్టుకు సరిపడా కొత్త రంధ్రం వేయండి. ఇక నీళ్లు దిగినా చెక్కకు తగలవు.
5. పెద్ద డ్రిల్ బిట్‌తో రంధ్రం పై అంచును కొద్దిగా ఏటవాలుగా తీయండి. ఆ గుంటలో సీలెంట్ నిలిచి బోల్టు మెడ చుట్టూ రింగులా తయారవుతుంది. అసలు నీళ్లాపేది అదే.

కింద వేసే దన్ను పలక గురించి రెండు మాటలు. చిన్న వాషరు మీద క్లీట్ బరువంతా మోపితే, మోకు లాగిన ప్రతిసారీ డెక్ కొద్దిగా పైకి వంగుతుంది. సీలెంట్ విడిపోవడానికి కారణం చాలాసార్లు ఆ వంపే. క్లీట్ కన్నా అన్ని వైపులా వెడల్పైన ఫైబర్ పలక, 6 నుంచి 10 మి.మీ. మందంతో పెట్టండి. దొరక్కపోతే అన్ని అంచులకూ ఎపాక్సీ పట్టించిన మెరైన్ ప్లై. అల్యూమినియం పలక వద్దు. స్టెయిన్‌లెస్‌కు ఆని ఉప్పు తడి తగిలితే అల్యూమినియం తెల్లటి పొడై రాలిపోతుంది.

బిగించేటప్పుడు క్లీట్ చుట్టూ మాస్కింగ్ టేపు వేయండి. బోల్టు తల కింద, ఏటవాలు గుంటలో, క్లీట్ అడుగునా సీలెంట్ పట్టించి, కూర్చోబెట్టి, అంచుల్లోంచి కొద్దిగా బయటికి ఉబికేదాకా మాత్రమే నట్టు బిగించండి. ఒకేసారి బలమంతా వేస్తే సీలెంట్ మొత్తం బయటికి పోయి లోహం ఫైబర్‌కు ఆనుకుంటుంది. ఉబికింది తడిగా ఉండగానే టేపు లాగేయండి. సీలెంట్ కాస్త ఆరాక, మరునాడు, చివరి బిగింపు వేయండి. అప్పుడు తిప్పాల్సింది నట్టునే, బోల్టు తలను కాదు. తల తిరిగితే మెడ దగ్గర ఏర్పడిన రింగు తెగిపోతుంది.

పాలియురేథేన్ సీలెంట్ గాలి తేమతో గట్టిపడుతుంది, రోజుకి సుమారు 3, 4 మి.మీ. లోతు. ఆరేలోపు స్పిరిట్‌తో చేతులు, అంచులు తుడవకండి. ఆల్కహాల్ తగిలిన చోట అది జిగటగానే ఉండిపోతుంది.

5. కదలని మరలు

స్క్రూడ్రైవర్ మొన గాడికి నిండుగా సరిపోవాలి. సగం పనులు చెడేది ఇక్కడే. సరిపోయే బిట్ పెట్టి, దాని తల మీద సుత్తితో రెండు మూడు దెబ్బలు వేసి, ముందు బిగించే వైపు కొంచెం తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పండి. రాకపోతే నూనె పోసి రాత్రంతా వదిలేయండి. అప్పుడూ రాకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనను మర తల మీద రెండు మూడు నిమిషాలు ఆనించి వేడి చేయండి. మంట మాత్రం వద్దు, ఫైబర్ అంటుకుంటుంది. పోసిన నూనె కూడా వేడి చేసే ముందు తుడిచేయండి.

స్టెయిన్‌లెస్ నట్టు, స్టెయిన్‌లెస్ బోల్టు జంటకు ఇంకో రోగం ఉంది. మెషిన్‌తో గిర్రున బిగిస్తే మరలు వేడెక్కి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక ముందుకీ రాదు, వెనక్కీ పోదు, కోసెయ్యాల్సిందే. మరలకు కొంచెం గ్రీజు రాసి, చేతి పానాతో నింపాదిగా బిగించండి.

6. ఫైబర్ పగుళ్లు, రోహిణి కార్తె రెజిన్

పగులు ఆకారం కారణం చెప్తుంది. ఒక చోటు నుంచి నక్షత్రంలా చీలితే అక్కడ ఏదో గట్టిగా తగిలింది. ఫిట్టింగు చుట్టూ వలయంలా, లేదా పక్కపక్కన గీతల్లా వస్తే అక్కడ డెక్ వంగుతోంది. రెండో రకానికి పైన పుట్టీ పూసి లాభం లేదు. దన్ను పలక పెట్టాకే పగులు పూడ్చాలి.

పగులును వి ఆకారంలో తెరిచి, ముందు ఎసిటోన్‌తో తుడిచి, ఆ తర్వాత 80 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. వరస తిరగేస్తే జిడ్డు ఫైబర్ లోపలికి దిగుతుంది. పగులు పైన నున్నగా ఉండే జెల్‌కోట్ పొరలోనే ఉంటే జెల్‌కోట్ పుట్టీ చాలు. లోపలి గాజు పోగుల మ్యాట్ దాకా వెళ్లి ఉంటే అంచులు వెడల్పుగా పల్చబరిచి, మ్యాట్ ముక్కలు చిన్నది నుంచి పెద్దదిగా వేసి రెజిన్ తాపండి. గ్రైండింగ్ చేసేటప్పుడు మంచి మాస్కు, కళ్లద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి.

పాలియెస్టర్ రెజిన్ వాడితే కిలోకి 10 నుంచి 20 గ్రాముల హార్డనర్. మన దగ్గర నిషేధం రోజులంటే నడి ఎండాకాలం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, రెజిన్ కప్పులోనే రాయి అవుతుంది. అందుకని:

- పని తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపండి. బోటు మీద ముందు రోజు నుంచే నీడ ఉండాలి.
- ఒకసారికి 200 గ్రాములకు మించి కలపకండి.
- హార్డనర్ తక్కువ కొలతే వాడండి, కానీ 1 శాతం కన్నా తగ్గించకండి. తగ్గిస్తే పైకి ఆరినట్టున్నా లోపల మెత్తగా ఉండిపోతుంది.
- మిగిలిన కప్పును చెత్తబుట్టలో వేయకండి. వేడెక్కి పొగ వస్తుంది. ఇసుకలో పెట్టండి.

ఎపాక్సీ అయితే కొలత మార్చనే కూడదు. ఎండాకాలానికి నెమ్మదిగా గట్టిపడే హార్డనర్ అడిగి తెచ్చుకోవాలి.

ప్రాణాల మీదికి వచ్చే సంగతి ఒకటుంది. కొన్ని చోట్ల రెజిన్‌తో పాటు అది త్వరగా గట్టిపడటానికి ఊదారంగు కోబాల్ట్ ద్రవం విడిగా ఇస్తారు. దాన్ని హార్డనర్‌తో నేరుగా ఎప్పుడూ కలపకూడదు, మంట లేస్తుంది, పేలుతుంది. ముందు కోబాల్ట్‌ను రెజిన్‌లో పూర్తిగా కలిపి, ఆ తర్వాతే హార్డనర్ వేయాలి. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టకండి. హార్డనర్ కంట్లో పడితే కనీసం పావుగంట ధారగా నీళ్లతో కడుగుతూ వెంటనే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

7. హ్యాచ్ మూతలు, కిటికీలు

మూత అంచు మీద సుద్దముక్కతో గీసి, మూసి, గడియ బిగించి, మళ్లీ తెరవండి. రబ్బరు మీద సుద్ద గీత ఎక్కడ పడలేదో అక్కడే నీళ్లు దిగుతాయి. రబ్బరు అణిగిపోతే మొత్తం మార్చండి. ముక్క అతికిస్తే రెండు కొత్త లీకులు వస్తాయి. అతుకు తప్పకపోతే అది బిజాగరీ వైపు, వెనక అంచున ఉండాలి. రబ్బరు బాగుండి గీత పడకపోతే బిజాగరీ పిన్ను అరిగి మూత పక్కకు జారి ఉంటుంది.

అక్రిలిక్ కిటికీలను ఎసిటోన్‌తో తుడవకండి, సన్నని పగుళ్లు వస్తాయి. సబ్బునీళ్లు చాలు. ఎండకు ఆ పలక సాగుతుంది కాబట్టి దాని రంధ్రాలు మర కన్నా కాస్త వెడల్పుగా ఉండాలి.

8. వెలిగి ఆరే లైట్లు

బల్బు మార్చే ముందు తీగ చూడండి. పాత బోట్లలో ఇంటి వైరింగ్ తీగలు మెలేసి, ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటారు. టేపు విప్పితే రాగి పోగులు నల్లగా, కొన్నిచోట్ల పచ్చగా కనిపిస్తాయి. ఆ నలుపు తొడుగు లోపల కూడా పాకి ఉంటుంది. రాగి మెరిసే చోటు వచ్చేదాకా కోస్తూ పోండి. రాకపోతే ఆ తీగ మొత్తం మార్చండి, తగరం పూత ఉన్న రాగి తీగ దొరికితే అదే వేయండి.

లోపం ఎక్కడుందో మల్టీమీటర్ చెప్తుంది. నిండుగా చార్జయిన 12 వోల్టుల బ్యాటరీ, దాని మీద ఏదీ నడవనప్పుడు, 12.6 దాకా చూపాలి. బ్యాటరీని మళ్లీ కలిపి, లైటు వేసి ఉంచి, బ్యాటరీ దగ్గర ఒకసారి, లైటు హోల్డర్ దగ్గర ఒకసారి కొలవండి. తేడా 0.4 వోల్టు దాటితే మధ్యలో ఎక్కడో తుప్పు ఉంది. స్విచ్, ఫ్యూజు, ఒక్కో అతుకు, వరసగా రెండు వైపులా ముళ్లు పెట్టి చూడండి. ఎక్కడ వోల్టేజీ కనిపిస్తే అదే దొంగ. నెగటివ్ తీగను చాలామంది వదిలేస్తారు, దాన్ని కూడా ఇలాగే చూడాలి. దొరికాక బ్యాటరీ మళ్లీ విప్పి అతుకు వేయండి.

అతుకు వేసే వరస:

- వేడి చేస్తే ముడుచుకునే హీట్ ష్రింక్ గొట్టం ముందే తీగకు ఎక్కించాలి.
- కొలతకు సరిపడే కనెక్టర్, దానికి తగిన క్రింపింగ్ పటకారుతో నొక్కాలి. కటింగ్ ప్లేయర్‌తో కాదు.
- గట్టిగా లాగి చూడాలి. ఊడితే ఇప్పుడే ఊడాలి.
- లోపల జిగురున్న హీట్ ష్రింక్ వేడి చేసి, అంచుల్లోంచి జిగురు కనిపించేదాకా బిగించాలి.
- తీగ నీళ్లు నిలిచే ఎత్తుకు పైనే ఉండేలా కట్టాలి. లైటులోకి వెళ్లే ముందు కొంచెం కిందికి వేలాడనిస్తే నీటిచుక్క అక్కడే రాలిపోతుంది.

పాజిటివ్ తీగ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం లోపే ఉండాలి. ఫ్యూజు పోయిందని అందులో తీగముక్క పెట్టడం బోటు తగలబెట్టుకోవడమే.

పక్క లైట్లు తిరిగి బిగించేటప్పుడు ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ. ఒక్కోటి నేరుగా ముందు నుంచి తన వైపు 112.5 డిగ్రీలు కనిపించాలి. చీకట్లో ఎదురొచ్చే బోటు మీరు ఎటు తిరుగుతున్నారో ఆ రంగుల్ని బట్టే తెలుసుకుంటుంది. బ్రాకెట్ వంగి ఎరుపు కుడివైపుకు కూడా కనిపిస్తే లైటు లేనిదానికన్నా ప్రమాదం.

9. అడుగు నీళ్లు తోడే పంపు

పంపు మోగుతూ నీళ్లు రాకపోతే ముందు జల్లెడ విప్పండి. వల దారం, పొలుసులు, ప్లాస్టిక్ ముక్కలు చుట్టుకుని ఉంటాయి. మోగకపోతే ఫ్యూజు, తర్వాత అతుకులు, తర్వాత తేలే స్విచ్. స్విచ్‌ను చేత్తో పైకి లేపితే పంపు మొదలవ్వాలి. దాని తీగ మెయిన్ స్విచ్ తర్వాత కాకుండా, విడిగా ఫ్యూజు వేసి నేరుగా బ్యాటరీ నుంచి రావాలి. మీరు మెయిన్ ఆపి ఇంటికి వెళ్లిన రాత్రి కూడా పంపు పని చెయ్యాలి కదా.

బయటికి వెళ్లే గొట్టాన్ని నీటి గీతకు బాగా ఎత్తున ఒక వంపు తిప్పి దించండి. అది లేకపోతే బరువు ఎక్కి బోటు దిగినప్పుడు సముద్రం అదే గొట్టంలోంచి లోపలికి వస్తుంది. కరెంటు పంపు ఎంత కొత్తదైనా చేతి పంపు ఒకటి బోటులో ఉండాలి.

10. దించే ముందు పరీక్ష

డెక్ మీద నీళ్లు పట్టి చూడండి. ఒకరు పైన గొట్టం పట్టుకోవాలి, ఒకరు లోపల టార్చి లైటుతో ఉండాలి. కింది ఫిట్టింగు నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి, ఒక్కో చోట ఐదు నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే కారిన నీళ్లు కింద ఉన్నవాటిని కూడా తడిపేస్తాయి, ఏది లీకో తేలదు.

- వాల్వులన్నీ తెరిచి మూసి చూశామా, మూసే ఉంచామా?
- ప్రతి వాల్వుకీ బిరడా కట్టి ఉందా?
- అడుగున నీళ్లు వదిలే ప్లగ్గు బిగించామా?
- జింక్ మీద పెయింటు పడలేదు కదా?
- నీటి గీత కింది సీలెంట్ పూర్తిగా ఆరిందా? ట్యూబు మీద రాసిన ఆరే సమయం కన్నా ఒక రోజు ఎక్కువే ఇవ్వండి.
- బకెట్ నీళ్లు అడుగున పోస్తే పంపు దానంతటదే మొదలైందా?
- గ్యాస్ అతుకులకు సబ్బు నురగ పెట్టి చూశామా?

11. నీళ్లలో దిగాక

ఉప్పుటేరులో పోటు మీద దించండి, కానీ వెంటనే తాళ్లు వదలకండి. వాల్వులు ఒక్కోటి తెరిచి, గొట్టం మొదట్లో పొడి కాగితం చుట్టి చూడండి. సన్నని చెమ్మ కంటికి ఆనదు, కాగితం మీద మరకై కనిపిస్తుంది.

ఇంజన్ వేసి, తాళ్లు కట్టి ఉండగానే షాఫ్ట్ తిరగనిచ్చి గ్లాండు చూడండి. తాడు ప్యాకింగ్ అయితే తిరిగేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు పడాలి. అసలు పడకపోతే షాఫ్ట్ ఎండి అరుగుతుంది. ధారగా వస్తే నట్టును కొద్దిగా, పావు చుట్టుకు మించకుండా బిగించి పది నిమిషాలు ఆగండి. ఇంజన్ ఆపాక గ్లాండు మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి నిలవకపోతే బిగింపు ఎక్కువైంది.

ఆ రాత్రి బోటు దగ్గర ఒకరు పడుకోండి. పొద్దున్నే అడుగున ఎన్ని నీళ్లు చేరాయో కర్ర పెట్టి కొలిచి, అదే నోటు పుస్తకంలో రాయండి. మొదటి వారం రోజూ కొలవండి. వారం తర్వాత విప్పి బిగించిన ప్రతి నట్టునూ కింది వైపు నుంచి ఒకసారి పానాతో పట్టి చూడండి. కొత్త ప్యాకింగ్ తాడు కూడా ఈలోపు అణిగి ఉంటుంది, చుక్కలు మళ్లీ లెక్కపెట్టి సరిచేయండి.